ప్రింటు ముందు అన్నదమ్ములు: హార్లెం కమోయింగే వర్క్‌షాప్ కేస్ స్టడీ

నలుగురు మగవాళ్లను కూర్చోబెట్టి "మనసులో మాట చెప్పండి" అంటే గది మూగబోతుంది. ఆ నలుగురి మధ్య వాళ్లు చేసిన వస్తువొకటి పెట్టి, దాని మంచిచెడ్డలు తేల్చమంటే మాత్రం గంట తిరిగేలోపే చిన్నప్పటి వీధి, తండ్రి మౌనం, పోలీసు భయం, పని దొరకని అవమానం అన్నీ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ఈ కేసులో ఆ వస్తువు నలుపు తెలుపు ఫోటో ప్రింటు. ఊరు న్యూయార్క్. సంవత్సరం 1963. ఆ బృందం పేరు కమోయింగే. కెన్యాలోని గికూయూ భాషలో ఆ మాటకు కలిసి పనిచేసే జనం అని అర్థం.

నల్లజాతి మగవాళ్ల సోదరభావం, సృజన, ఎదుగుదల గురించి ఇప్పుడు చాలా కార్యక్రమాలు నడుస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం మాటతో మొదలై మాటతోనే ముగుస్తాయి. కమోయింగే పనితో మొదలైంది. అరవై ఏళ్లు దాటినా అది ఇంకా ఉందంటే కారణం అదేనని మా అంచనా. అందుకే దాని లోపలి అమరికను, పొరపాట్లతో సహా, విప్పి చూడాలి.

ఎందుకు కూడారు

1963 నాటికి అమెరికా పత్రికల్లో నల్లవాళ్ల ఫోటోలకు కొదవలేదు. బర్మింగ్‌హామ్ వీధుల్లో నిరసనకారుల మీదికి పోలీసులు వదిలిన కుక్కలు, నీళ్ల గొట్టాలు, ఆగస్టులో పౌరహక్కుల కోసం సాగిన వాషింగ్టన్ యాత్ర, అన్నీ అచ్చయ్యాయి. అయితే ఆ ఫోటోల్లో నల్లవాడు దెబ్బలు తింటూనో, కేకలు వేస్తూనో కనబడేవాడు. సాయంత్రం పని నుంచి వచ్చి మెట్ల మీద కూర్చున్న మనిషి, కూతురి జడ వైపు చూస్తున్న తండ్రి ఎక్కడా కనబడేవారు కాదు. కెమెరా పట్టుకున్నవాళ్లలో నల్లవాళ్లు చాలా తక్కువ. పెద్ద పత్రికలు వాళ్లకు పని ఇచ్చేవి కావు. మ్యాగజైన్ ఫోటోగ్రాఫర్ల సంఘం లోపలే ఈ వివక్ష మీద పోరాడే కమిటీని నల్లజాతి ఫోటోగ్రాఫర్ రాయ్ డికరావా నడిపించారంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించవచ్చు.

ఆ ఏడాది న్యూయార్క్‌లో రెండు చిన్న బృందాలు ఒకటయ్యాయి. లూయిస్ డ్రేపర్, ఆల్బర్ట్ ఫెన్నార్, జేమ్స్ మానస్, హెర్బర్ట్ రాండల్, రే ఫ్రాన్సిస్, హెర్మన్ హోవర్డ్, షాన్ వాకర్, కాల్విన్ విల్సన్ మొదలైనవాళ్లు తొలి సభ్యులు. చాలామంది ఇరవైల్లో ఉన్నారు. డ్రేపర్ 1935లో వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో పుట్టి 1957లో న్యూయార్క్ చేరారు. వాకర్ న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెం బిడ్డ. తొలి సారథిగా డికరావాను పెట్టుకున్నారు. ఆయన 1919లో హార్లెంలో పుట్టారు. 1952లో కళాకారులకిచ్చే గుగెన్‌హైమ్ ఫెలోషిప్ అందుకున్నారు. ఆ గౌరవం దక్కిన తొలి నల్లజాతి ఫోటోగ్రాఫర్ ఆయనే. 1955 నుంచి 1957 వరకు సొంత ఇంట్లోనే ఫోటో గ్యాలరీ నడిపిన అనుభవం కూడా ఉంది.

ఈ వయసుల తేడాను గుర్తుపెట్టుకోండి. నలభై దాటిన ఒక పెద్ద, చుట్టూ ఇరవైల కుర్రాళ్లు. బలం అక్కడే ఉంది, తర్వాత వచ్చిన చిక్కూ అక్కడే ఉంది.

ఆదివారం గదిలో

1964లో హార్లెంలోని వెస్ట్ 139వ వీధిలో, స్ట్రైవర్స్ రో అని పిలిచే ఇళ్ల వరుసలో, ఒక చోటు అద్దెకు తీసుకుని గ్యాలరీ తెరిచారు. 'థీమ్ బ్లాక్' పేరుతో ప్రదర్శన పెట్టారు. 1964లో, 1965లో సభ్యుల ప్రింట్లతో రెండు పోర్ట్‌ఫోలియోలు తయారుచేశారు. బయటికి కనబడిన పని ఇది. అసలు పని ఆదివారాల సమావేశాల్లో జరిగింది.

ఎవరి ప్రింట్లు వాళ్లు పట్టుకొచ్చేవారు, అందరి ముందూ పెట్టేవారు, ఇక వాదన మొదలయ్యేది. జాజ్ రికార్డులు, సినిమాలు, చిత్రలేఖనం అన్నీ ఆ చర్చల్లోకి వచ్చేవి. విమర్శ చాలా కరుకుగా ఉండేదని ఆ సభ్యులే తర్వాత చెప్పుకున్నారు. ఆ కరుకుదనాన్ని తట్టుకుని మళ్లీ ఆదివారం ఎందుకు వచ్చేవారన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న.

దీనికి మూడు కారణాలు కనబడతాయి. మొదటిది, ఆ పనిని అంత శ్రద్ధగా చూసేవాళ్లు బయట ఎవరూ లేరు. పత్రిక కార్యాలయంలో పోర్ట్‌ఫోలియో తెరవకుండానే వెనక్కిచ్చేవాళ్లను చూసి వచ్చిన కుర్రాడికి, తన ప్రింటు ముందు పదిమంది అరగంట నిలబడి తిట్టడం కూడా మర్యాదే. మనం తీసిన ఫోటోను ఎదుటివాడు తీవ్రంగా పట్టించుకున్నాడంటే మనల్ని పట్టించుకున్నట్టే. రెండోది, తిట్టినవాడు కూడా మరుసటి వారం తన ప్రింటు అక్కడే పెట్టాలి. తీర్పు చెప్పే కుర్చీ, తీర్పు వినే కుర్చీ ఒకటే కావడం వల్ల మాటలో కరుకుదనం ఉన్నా పొగరు నిలవదు. మూడోది మిగతా రెండింటికంటే మెల్లగా పనిచేస్తుంది. ప్రింటును సరిచేయడానికి సాయం కూడా అక్కడే దొరుకుతుంది. ఈ కాగితం కాదు, ఆ గ్రేడు వాడు. ఆ మూలకు ఇంకో పది సెకన్లు వెలుగు పట్టించు. విమర్శకు ఆనుకునే పరిష్కారం ఉంటే అహం దెబ్బతినదు, చేతికి పని దొరుకుతుంది.

డ్రేపర్ 1959లో తీసిన ఒక ఫోటోను, ఒకరి పనిని ఒకరు చూసుకునే ఇలాంటి వలయంలో పెట్టామనుకోండి. ఆరేసిన తెల్లటి బట్టలు వేలాడుతుంటాయి. కాస్త నిలబడి చూస్తే అవి నల్లవాళ్ల మీద దాడులు చేసిన తెల్లజాతి ముఠా కూ క్లక్స్ క్లాన్ ముసుగుల్లా కనబడతాయి. ఫోటోలో ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు. దక్షిణాది నుంచి వచ్చినవాడికి ఆ తెల్లదనం చూడగానే గొంతులో ఏదో అడ్డుపడుతుంది, ఉత్తరాదిలో పెరిగినవాడు బట్టలే చూస్తాడు. "నీకేం కనబడింది?" అన్న ఒక్క ప్రశ్నతో ఇద్దరి బాల్యాలూ బల్ల మీదికి వచ్చేస్తాయి. "నీ భయాల గురించి చెప్పు" అని అడిగితే ఇద్దరూ నోరు తెరవరు.

నలుపును నలుపుగా ప్రింటు చేయడం

ఈ బృందం గురించి రాసేవాళ్లు సాధారణంగా రాజకీయాలు రాసి డార్క్‌రూమ్‌ను, అంటే ఫోటోలు కడిగే చీకటి గదిని, వదిలేస్తారు. అది పెద్ద లోటు. నల్లటి ముఖాన్ని గౌరవంగా కాగితం మీదికి తేవడం మొదట చేతిపని, ఆ తర్వాతే సిద్ధాంతం. సభ్యులు ఒకరికొకరు నిజంగా ఇచ్చుకోగలిగింది ఈ చేతిపనినే. కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

లైట్ మీటరుకు మనిషి రంగు తెలియదు. దాన్ని దేనివైపు తిప్పినా, ఆ వస్తువును 18 శాతం బూడిద రంగుగా చూపించే ఎక్స్‌పోజరే చెబుతుంది. తెల్లవాడి చెంప ఆ బూడిద కంటే దాదాపు ఒక స్టాపు లేత. ఒక స్టాపు పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం, తగ్గించడమంటే సగం చేయడం. అందుకే పాఠ్యపుస్తకాల్లో "చెంప దగ్గర కొలిచి ఒక స్టాపు పెంచు" అన్న సూత్రం స్థిరపడింది. ముదురు నల్లటి చర్మానికి ఆ సూత్రం తలకిందులవుతుంది. చెంప దగ్గర కొలిచి ఒక స్టాపు తగ్గించాలి. పెంచితే ముఖం సున్నం పూసినట్టు పాలిపోతుంది, మనిషి తన రంగు పోగొట్టుకుంటాడు.

గదిలో కిటికీ పక్కన తెల్లచొక్కాతో కూర్చున్న నల్లటి మనిషిని తీస్తున్నాం. లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె ఎఫ్/2.8 దగ్గర చెంపకు మీటరు 1/30 సెకను చెప్పింది, చొక్కాకు 1/500 చెప్పింది. రెంటికీ మధ్య నాలుగు స్టాపుల తేడా. అనుభవం లేనివాడు కెమెరాను అలాగే ఎత్తితే మీటరు చొక్కాకు లొంగి 1/250 చెబుతుంది. చెంప మూడు స్టాపులు కిందికి పోతుంది. నెగెటివ్‌లో అక్కడ దాదాపు ఏమీ ఉండదు, ప్రింటులో కళ్లు, పళ్లు, చొక్కా మాత్రమే తేలతాయి. పత్రికల్లో ఎన్నో ఏళ్లు నల్లవాళ్ల ముఖాలు అలాగే అచ్చయ్యాయి. నెగెటివ్‌లో నమోదు కాని నీడను ఏ డార్క్‌రూమూ వెనక్కి తేలేదు.

సరైన ఎక్స్‌పోజర్ 1/60. చెంప మధ్యస్థ బూడిద కంటే ఒక స్టాపు కింద, ఉండాల్సిన చోట కూర్చుంటుంది. చొక్కా మూడు స్టాపులు పైకి పోతుంది. దాన్ని కాపాడటానికి ఫిల్మును డెవలపర్‌లో, అంటే దాన్ని కడిగే రసాయనంలో, మామూలు కంటే 15 నుంచి 20 శాతం తక్కువ సేపు ఉంచాలి. నీడల్లో వివరం ఎక్స్‌పోజర్ మీద, వెలుగుల్లో వివరం డెవలప్‌మెంటు మీద ఆధారపడతాయి కాబట్టి ఇది సాధ్యం. 400 స్పీడు ట్రై-ఎక్స్ లాంటి ఫిల్ము ఈ సవరణను బాగానే తట్టుకుంటుంది.

ముదురు చర్మానికి ఇంకో స్వభావం ఉంది. తెల్లటి ముఖం ఆకారాన్ని నీడలు చెబుతాయి, నల్లటి ముఖం ఆకారాన్ని నుదురు, చెక్కిలి, ముక్కు వంతెన మీద మెరిసే వెలుగులు చెబుతాయి. ఆ మెరుపు మెత్తగా ఉండాలంటే కాంతి పక్క నుంచి, పెద్ద వైశాల్యం నుంచి రావాలి. కిటికీ, తెరిచిన తలుపు, మబ్బు పట్టిన ఆకాశం అందుకు సరిపోతాయి. కెమెరా మీద పెట్టిన ఫ్లాష్ ఆ మెరుపును చిన్న తెల్ల మచ్చగా మార్చి మిగతాదాన్ని చదును చేస్తుంది. డికరావా ఫ్లాష్ లేకుండా, అక్కడున్న వెలుగులోనే తీయడం వెనుక అందంతో పాటు ఈ లెక్క కూడా ఉంది.

ఇక ప్రింటు. డికరావా ప్రింట్లలో పూర్తి తెలుపు అరుదు. నలుపుకూ ముదురు బూడిదకూ మధ్యే ఆయన ఎన్నో మెట్లు కట్టారు. అలాంటి ప్రింటుకు, నలుపు తెలుపుల తేడాను మధ్యస్థంగా చూపే రెండో గ్రేడు కాగితం మంచి ఆరంభం. ఒకే కాగితం ముక్క మీద 5, 10, 15, 20 సెకన్లు వెలుగు పట్టించిన పట్టీలతో టెస్ట్ స్ట్రిప్ వేసి, వెలుగుల్ని చూసి కాకుండా, జుట్టుకూ వెనకాల గోడకూ మధ్య తేడా ఏ పట్టీలో మాయమవుతోందో చూసి దానికి ఒక మెట్టు ముందే ఆగాలి. ఇక్కడ చాలామంది దెబ్బతినేది తడి ప్రింటును నమ్మి. ఫైబర్ కాగితం ఆరాక ముదురుతుంది. లేత ప్రింటులో అది ఎవరికీ తెలియదు. ముదురు ప్రింటులో మాత్రం రెండు మెట్లు మూసుకుపోతాయి. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా అనిపించిన ఎక్స్‌పోజరును 8 నుంచి 10 శాతం తగ్గించి మళ్లీ వేయాలి. ఆరిన తర్వాతే తీర్పు చెప్పాలి.

ముదురు ప్రింటును మసక బల్బు కింద పెడితే పదిమందీ ఏకకంఠంతో "చీకటిగా ఉంది, తేల్చు" అంటారు. కుర్రాడు ఇంటికెళ్లి తేల్చేస్తాడు, ప్రింటు చచ్చిపోతుంది. లోపం గదిలో ఉంది, ప్రింటులో కాదు. చర్చ మొదలయ్యే ముందు వెలుతురు సరిచూడటం మర్యాద కోసం కాదు, తప్పుడు సలహాను ఆపడానికి. బయటి లోకంలో ఇదే జరిగింది. ఆ ప్రింట్లను చూసే వెలుగు లేని కళ్లు "ఇవి మరీ చీకటి" అని తేల్చేశాయి.

తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. మన పెళ్లి ఆల్బముల్లో నల్లటి పెళ్లికూతురు ఎన్నిసార్లు నల్లగా కనబడింది? పోజు పెట్టించేటప్పుడు పౌడరు, తీసేటప్పుడు రెండు ఫ్లాష్‌లు, ఎడిటింగులో "ఛాయ తేల్చడం". ఫోన్ కెమెరాలు ముఖాన్ని గుర్తుపట్టి వాటంతటవే తెల్లబరుస్తున్నాయి. ఆ సెట్టింగు ఆపేసి, చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరును చెంప మీద పెట్టి, స్టాపులో మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాపు దాకా తగ్గించి తీసి చూడండి. చామనఛాయలో ఎన్ని ఛాయలున్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఏం తీయాలి అన్న తగవు

1964 జూలైలో పదిహేనేళ్ల జేమ్స్ పవెల్‌ను ఒక పోలీసు అధికారి కాల్చి చంపాక హార్లెం రోజుల తరబడి మండింది. అలాంటి ఊళ్లో కెమెరా పట్టుకున్న నల్లవాడికి ఒక నిందారోపణ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ఊరు తగలబడుతుంటే నీకు నీడలూ గీతలూ కావాల్సి వచ్చాయా?

కమోయింగే దీనికి ఒకే జవాబు రాసుకోలేదు. అది తెలివైన పని. రాండల్ 1964 వేసవిలో మిసిసిపీలోని హాటీస్‌బర్గ్ వెళ్లి ఓటు హక్కు ఉద్యమాన్ని తీశారు. ఫెన్నార్ ఉప్పు కుప్పల్లో, గోడల్లో, నీళ్లలో రూపాలు వెతికారు. ఏడ్జర్ కోవన్స్ పైనుంచి చూస్తూ మంచులో ఒంటరిగా నడిచిపోతున్న మనిషి అడుగుల్ని తీశారు. ఈ ముగ్గురి ప్రింట్లూ ఒకే బల్ల మీద పడ్డాయి. ఉద్యమం తీసినవాడికి కూర్పు గురించి ప్రశ్న ఎదురవుతుంది, నీడలు తీసినవాడికి ఇది ఎవరి కోసం అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఇద్దరికీ తమకు రాని ప్రశ్నే పడుతుంది. సృజనలో ఎదుగుదల అంటే మేము చూసినంతలో ఇదే: నువ్వు తప్పించుకు తిరిగే ప్రశ్నను నీకు కావాల్సినవాడే అడగాలి.

ఇలాంటి వలయాలు చాలా చోట్ల విఫలమయ్యేది ఇక్కడే. ఒక దారిని అధికార మార్గంగా ప్రకటిస్తారు. రెండు నెలల్లో ఆ దారి నచ్చనివాళ్లు రావడం మానేస్తారు. మిగిలినవాళ్లు ఒకరినొకరు మెచ్చుకుంటూ కూర్చుంటారు.

ఎక్కడ తప్పింది

గ్యాలరీ అద్దె భారం ఎక్కువ కాలం మోయలేకపోయారు. చోటు పోయాక సమావేశాలు సభ్యుల ఇళ్లకు, స్టూడియోలకు మారాయి. బృందం చావలేదు, ఎందుకంటే దాని ప్రాణం గోడల్లో లేదు. గోడలున్నంత కాలం వాటి కోసం డబ్బూ శక్తీ పోయాయన్నదీ నిజమే. చిన్న వలయానికి సొంత గ్యాలరీ మొదటి మూడేళ్లలో అవసరం లేదు.

డికరావా 1965 నాటికి తప్పుకున్నారు. పెద్ద చెట్టు పక్కకు జరిగాక కుర్రాళ్లే డ్రేపర్ లాంటివాళ్ల నాయకత్వంలో బాధ్యత తీసుకున్నారు. సారథి లేకపోతే ఏమవుతుందన్న భయం ప్రతి బృందానికీ ఉంటుంది. ఈ కేసు చెప్పేదేమిటంటే, సారథి ఉండగానే విమర్శ చేసే హక్కు అందరి చేతుల్లోకి వెళ్లి ఉంటే అతను వెళ్లాక బృందం నిలుస్తుంది. అలా వెళ్లని చోట అతనితోనే పోతుంది.

అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. 1965లో 'ద నీగ్రో ఉమన్' పేరుతో బృందం ప్రదర్శన పెట్టింది. అప్పటికి సభ్యుల్లో ఒక్క మహిళ కూడా లేదు. తొలి మహిళా సభ్యురాలు మింగ్ స్మిత్ చేరింది 1972లో. దాదాపు తొమ్మిదేళ్లు. ఆ కాలపు ఎన్నో బృందాల్లాగే ఇదీ అన్నదమ్ముల బంధాన్ని మగవాళ్ల గదిగా అనుకుంది. స్మిత్ ఫోటోల్లోని కదలిక, మసక, కరిగిపోయే అంచులు ఆ బృందం దృష్టినే విస్తరించాయి. ఆమె ముందే వచ్చి ఉంటే ఎన్ని ప్రింట్లు వేరుగా ఉండేవో లెక్కకట్టలేం. మగవాళ్లు మాత్రమే కూర్చునే గంట అవసరమైన సందర్భాలున్నాయి, దాన్ని మేము కాదనం. పనిని చూసే కళ్లు మాత్రం మగవాళ్లవే అయితే ఆ పనికి ఒక గుడ్డి మూల తప్పదు. అందుకే ఈ రెండు సమావేశాలనూ వేరువేరుగా పెట్టుకోవడం మేలు.

గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1972లో హార్లెంలోని స్టూడియో మ్యూజియంలో, 1975లో ఇంటర్నేషనల్ సెంటర్ ఆఫ్ ఫోటోగ్రఫీలో ప్రదర్శనలు జరిగాయి. పెద్ద మ్యూజియంలు వరుసగా తలుపులు తీయడానికి 2020 రావాల్సి వచ్చింది. రిచ్‌మండ్‌లోని వర్జీనియా మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో మొదలైన ప్రదర్శన న్యూయార్క్ విట్నీకి, ఆ తర్వాత లాస్ ఏంజిలెస్ గెట్టీకి వెళ్లింది. డ్రేపర్ అది చూడలేదు. ఆయన 2002లోనే కన్నుమూశారు.

మనుషులకు ఏమైంది

ఎవరూ తలుపు తెరవని రోజుల్లో వీళ్లు తమ తలుపు తామే చేసుకున్నారు. జో క్రాఫర్డ్ ప్రచురించిన 'ద బ్లాక్ ఫోటోగ్రాఫర్స్ యాన్యువల్' 1973, 1974, 1976, 1980ల్లో నాలుగు సంపుటాలుగా వచ్చింది. తొలి సంపుటానికి నవలా రచయిత్రి టోనీ మారిసన్ ముందుమాట రాశారు. కమోయింగే సభ్యుడు బ్యూఫోర్డ్ స్మిత్ ఆ పనిలో ముఖ్యులు. సభ్యుల ఫోటోలే కాక, దేశంలో నలుమూలలా ఒంటరిగా పనిచేస్తున్న నల్లజాతి ఫోటోగ్రాఫర్లూ ఆ పేజీల్లో కలిశారు.

డ్రేపర్ న్యూజెర్సీలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో 1982 నుంచి చివరిదాకా పాఠం చెప్పారు. ఆంథొనీ బార్బోజా సొంత స్టూడియో నిలబెట్టుకుని బృందానికి అధ్యక్షులయ్యారు. తిట్లు తిన్నవాళ్లు పాఠాలు చెప్పేవాళ్లయ్యారు. ఎదుగుదలకు ఇంతకంటే నికరమైన కొలత మాకు తెలియదు.

ఇలాంటి వలయం నడపాలంటే

ఇక్కడి నుంచి చెప్పేవి ఈ కేసు నుంచి మేము తీసుకున్న పద్ధతులు. ఫోటోకే కాదు, కవితకు, పాటకు, చెక్కపనికి కూడా నడుస్తాయి.

మనుషులు ఆరుగురికి తగ్గకూడదు, పన్నెండు మందికి మించకూడదు. ఆరుగురి కంటే తక్కువైతే ఒకడు రాకపోయినా గది చల్లబడుతుంది. పన్నెండు దాటితే మాట్లాడేవాళ్లు ఐదుగురే మిగులుతారు. వారానికో, పదిహేను రోజులకో ఒకే రోజు, ఒకే వేళ. నెలకొకసారి చాలదు, అప్పటికి గత విమర్శ చల్లారిపోతుంది. రెండున్నర గంటల్లో నలుగురి పనే చూడాలి, మిగతావాళ్ల వంతు తర్వాతి వారం. అందరి పనీ ఒకే రోజు చూద్దామనుకున్న బృందాలు ఎవరి పనీ చూడవు.

ఒక్కొక్కరు ఐదు ప్రింట్లు తేవాలి, ఎనిమిది బై పది అంగుళాల సైజులో. ఫోన్‌లో చూపించడం వద్దు. తెర మీద వేలు జారిపోతుంది, కాగితం మీద కన్ను ఆగుతుంది. పైగా ప్రింటు తెచ్చినవాడు అప్పటికే ఐదింటిని ఎంచుకుని వచ్చాడు. ఆ ఎంపికే సగం పని. రీలులోని ఫ్రేములన్నీ చిన్నచిన్నగా కనబడే కాంటాక్ట్ షీటు కూడా తెమ్మనండి. వదిలేసిన ఫ్రేముల్లో మంచిది దొరికిన సందర్భాలు తక్కువేం కాదు.

ఒక్కొక్కరికి పాతిక నిమిషాలు. మొదటి మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఈ మౌనం ఇబ్బందిగా ఉంటుంది, దాన్ని కుదించకండి. తర్వాత పది నిమిషాలు మిగతావాళ్లు తమకు కనబడింది మాత్రమే చెబుతారు, తీసినవాడు నోరు విప్పకూడదు. విప్పితే ప్రింటులో లేనిదాన్ని మాటతో పూరించేస్తాడు. తర్వాత అతను ఒక ప్రశ్న అడగాలి. "ఎలా ఉంది?" అన్నది ప్రశ్న కాదు. "ఎడమవైపు మనిషి ఫ్రేమును బరువెక్కిస్తున్నాడా?" అన్నది ప్రశ్న. చివరి ఐదు నిమిషాల్లో అతను వచ్చే వారంలోపు ఏం మారుస్తాడో ఒక వాక్యంలో రాసి బల్ల మీద పెట్టాలి. వచ్చే సమావేశం ఆ కాగితంతోనే మొదలవుతుంది. రాతపూర్వకమైన ఈ ఒక్క వాక్యం లేని చోట ఆరు నెలలు గడిచినా పనిలో మార్పు రాకపోవడం చూస్తాం.

తెలుగు బృందాల్లో ప్రత్యేకంగా వచ్చే చిక్కు పిలుపులో ఉంది. ఒక సీనియర్ను అందరూ "సార్" అనడం మొదలుపెట్టగానే విమర్శ ఆగిపోతుంది. "అన్నా" అన్న పిలుపు అంతకంటే నయం. అన్నతో వాదించవచ్చు, సార్‌తో వాదించలేం. అయినా సరే, పెద్దవాళ్ల పని ఎప్పుడూ ముందు చూడాలి, చిన్నవాళ్ల మాట ఎప్పుడూ ముందు వినాలి. పెద్దాయన తన ప్రింటును ఇరవై రెండేళ్ల కుర్రాడి ముందు పెట్టి నోరు మూసుకు కూర్చున్న రోజు నుంచే ఆ గది నిజంగా పనిచేయడం మొదలుపెడుతుంది.

మాట పని మీద నుంచి మనిషి మీదికి జారుతుంది. జారాలి కూడా, అందుకే కూర్చున్నాం. కానీ దారి పని నుంచి మనిషికి వెళ్లాలి. "ఈ మూడు ఫోటోల్లోనూ నాన్న వెనక్కి తిరిగే ఉన్నాడు" అనడం పని నుంచి వెళ్లడం. "నీకూ మీ నాన్నకూ పడదా?" అనడం తలుపు పగలగొట్టడం. మొదటిది చెప్పి ఆగండి. అతను అందుకుంటే అందుకుంటాడు, లేకపోతే ప్రింటు దగ్గరికే తిరిగి వెళ్లండి. ఎవరైనా కుప్పకూలిపోయేంత విషయం బయటపడితే ఆ రోజు విమర్శ ఆపేయాలి. ఇద్దరు అతనితో ఇంటిదాకా వెళ్లాలి. మర్నాడు ఒకరు ఫోన్ చేయాలి. వలయం వైద్యం కాదు. చావు ఆలోచన వినబడితే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

తిండి పెట్టండి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది. విమర్శ తర్వాత ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తినని బృందాల్లో మాట పడ్డవాడు ఆ మాటను ఇంటికి మోసుకుపోతాడు. తింటూ కూర్చున్న అరగంటలో అది సగం కరుగుతుంది.

బృందంలో ఒకరికి బయట పేరు రావడం ఇంకో ప్రమాదం. అతను రాకపోతే మిగతావాళ్లు చిన్నబుచ్చుకుంటారు, వస్తే అతని పని మీద కరుకుగా మాట్లాడటానికి జంకుతారు. పేరొచ్చిన నెలలోనే అతని కొత్త పనిని, అచ్చు కానిదాన్ని, ముందుగా చూడటం దీనికి మేము చూసిన పనికొచ్చే విరుగుడు.

చివరగా పెట్టె సంగతి. రాండల్ హాటీస్‌బర్గ్‌లో ఆ వేసవి తీసిన 1,759 నెగెటివ్‌లు ముప్పై ఏళ్లకు పైగా చాలావరకు ఎవరూ చూడకుండా ఉండిపోయి, ఆ తర్వాతే యూనివర్సిటీ ఆఫ్ సదరన్ మిసిసిపీకి చేరాయి. డ్రేపర్ పనిని ఆయన పోయాక కుటుంబం కాపాడింది కాబట్టి 2015లో వర్జీనియా మ్యూజియం తీసుకోగలిగింది. షాన్ వాకర్ దగ్గరున్న దాదాపు లక్ష ఫోటోలు, బృందం కాగితాలు 2020లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. ఎవరో ఒకరు పారేయకుండా ఉంచడం వల్లే ఈ కేసు రాయగలిగాం. కాబట్టి మొదటి సమావేశం నుంచే ఒకరిని పెట్టె చూసుకోవడానికి నియమించండి. ప్రతి ప్రింటు వెనుక, అంచు దగ్గర, మెత్తటి పెన్సిల్‌తో పేరు, ఊరు, తేదీ, ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు రాయాలి. బాల్ పెన్ను వద్దు, ముందువైపు అచ్చు పడుతుంది. ఆమ్లం లేని కాగితపు కవర్లలో, నేలకు అడుగు ఎత్తులో, వంటగదికీ బాత్‌రూమ్‌కూ దూరంగా ఉంచాలి. ఫైళ్లయితే రెండు డ్రైవుల్లో, రెండు ఇళ్లల్లో పెట్టాలి. ఎవరు పోయినా పెట్టె ఎవరి దగ్గర ఉందో ఇంకో ఇద్దరికి తెలిసి ఉండాలి.